ఏజెంటుతో ఒప్పందం మధ్యలో ముగించాలంటే: ఇల్లు అమ్ముకునేవాళ్లకు ఉన్న దారులు, ఒక్కో దారికి అయ్యే ఖర్చు

గుంటూరు అరండల్‌పేటలో మా నాన్నగారి ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు, ఏజెంటుతో 100 రూపాయల స్టాంపు పేపరు మీద ఆరు నెలలకు రాసుకున్నాం. ఆయన గేటు గ్రిల్లుకు ఇనుప తీగతో ఓ ఫ్లెక్సీ కట్టి వెళ్లాడు. మొదటి నెల జ్యేష్ఠంలో నలుగురు వచ్చి చూశారు. ఆషాఢం వచ్చింది, ఎవరూ రాలేదు. శ్రావణం వచ్చింది, అయినా ఎవరూ రాలేదు. నాలుగో నెలకి ఫ్లెక్సీ మీద ఎర్రక్షరాలు గులాబీ రంగుకు వెలిసిపోయాయి, ఫోన్ నంబరులో చివరి రెండంకెలు కనపడటం మానేశాయి. నేనుండేది బెజవాడ పటమటలో. ఎప్పుడు ఫోన్ చేసినా "పార్టీ లైన్లో ఉన్నారండీ, ఈ వారం తేలిపోద్ది" అనేవాడు.

ఇందులోంచి ఎలా బయటపడాలని అడిగితే తలా ఒక మాట చెప్పారు. "ఇంకొకరికి ఇచ్చెయ్, ఏం చేస్తాడు?" అన్నాడు మా బావ. "గడువు అయ్యేదాకా కదలొద్దు బాబూ" అన్నారు పక్కింటి రిటైర్డ్ హెడ్మాస్టరుగారు. లాయరుగారు నోటీసిద్దామన్నారు. ముగ్గురూ చెప్పింది తప్పు కాదు, ఒక్కోటి ఒక్కో పరిస్థితికి సరిపోతుంది. మీ పరిస్థితికి ఏది సరిపోతుందో తేలాలంటే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి.

## ముందు చూసుకోవాల్సినవి

సంతకం పెట్టింది ఏ కాగితం మీద? అన్నిటికంటే పెద్ద ప్రశ్న ఇదే. మనవైపు "ఏజెంటు అగ్రిమెంటు" అనే మాట కింద మూడు వేర్వేరు కాగితాలు తిరుగుతుంటాయి.

మొదటిది మామూలు మధ్యవర్తి ఒప్పందం. పార్టీని తెస్తాడు, బేరం కుదిర్చితే ఒక శాతమో రెండు శాతమో కమీషన్ తీసుకుంటాడు. ఇంటి మీద అతనికి ఏ హక్కూ ఉండదు.

రెండోది ఆయన పేరునే రాయించుకున్న అమ్మకపు అగ్రిమెంటు. చేతిలో లక్షో రెండు లక్షలో అడ్వాన్సు పెట్టి, "పార్టీ ఎవరైతే వాళ్ల పేరున రిజిస్ట్రేషన్ చేయాలి" అని రాయించుకుంటారు. ఇక్కడ ఆయన ఏజెంటు కాదు, కొనుగోలుదారు. దీన్ని ఏజెంటు ఒప్పందం అనుకుని ఉత్తరం రాసి రద్దు చేయబోతే, ఇల్లు తన పేరునే రిజిస్ట్రేషన్ చేయించమని కోర్టుకు వెళ్లే అవకాశం ఆయనకు ఉంటుంది. నిర్దిష్ట పరిహార చట్టాన్ని (స్పెసిఫిక్ రిలీఫ్ యాక్ట్) 2018లో సవరించాక అలాంటి దావాలకు బలం పెరిగింది కూడా.

మూడోది జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ), అంటే మీ తరఫున సంతకాలు పెట్టే అధికారం ఇచ్చే కాగితం. విదేశాల్లో ఉన్నవాళ్లు ఎక్కువగా ఇచ్చేది ఇదే. దీని సంగతి విడిగా చెబుతాను.

అడ్వాన్సు తీసుకున్నారా, "కొనుగోలుదారు" అనే మాట ఆయన పేరు పక్కన ఉందా? ఉంటే కింద రాసిన దారులేవీ మీకు కాదు. ఆ కాగితం తీసుకుని నేరుగా లాయరు దగ్గరకు వెళ్లండి.

గడువు, ప్రత్యేకత. "మీ ఒక్కరికే ఇచ్చాం" అని రాశారా, లేక నలుగురు ఏజెంట్లకు చెప్పుకోవచ్చా? ఒక్కరికే అయితే, మీరే స్వయంగా పార్టీని తెచ్చుకున్నా కమీషన్ ఇవ్వాలని రాసి ఉందేమో చూడండి. ఈ ఒక్క వాక్యం చాలామంది చదవరు, నేనూ చదవలేదు.

గడువు తర్వాత తోక. "గడువు ముగిశాక ఆరు నెలల్లోపు, నేను చూపించిన పార్టీకి అమ్మినా కమీషన్ నాదే" అనే షరతు. ఇది న్యాయమైనదే, కాకపోతే ఆ పార్టీలెవరో పేర్లు రాసి ఉండాలి. పేర్లు లేకపోతే ఊళ్లో సగం మందిని తనే చూపించానంటాడు.

ఆయన చేతిలో మీవి ఏమున్నాయి? తాళాలు, ఒరిజినల్ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు (ఇల్లు చేతులు మారిన పాత దస్తావేజులు), ఎవరి దగ్గరైనా తీసుకున్న టోకెన్ డబ్బు. ఇవి ఆయన దగ్గర ఉండగా గొడవ మొదలుపెట్టడం తెలివైన పని కాదు.

తప్పు ఎవరిది? ఇల్లు అమ్ముడుపోకపోవడం వేరు, ఏజెంటు పని చేయకపోవడం వేరు. అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి కాబట్టి రేటు పెంచాలని మీకు అనిపించడం మీ కారణం, ఆయన తప్పు కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చిన సింగ్‌నగర్ వైపు ఇల్లు పెట్టి, కొనేవాళ్లు "నీళ్లు ఎంతదాకా వచ్చాయి?" అని అడిగి వెళ్లిపోతుంటే, అదీ ఆయన తప్పు కాదు.

## చట్టం ఎంతవరకు మీ పక్షం

భారత కాంట్రాక్టు చట్టం, 1872లో ఏజెన్సీ మీద ఒక అధ్యాయమే ఉంది. ఇల్లు అమ్మేవాళ్లకు అందులో పనికొచ్చేది ఇంత.

ఏజెంటుకిచ్చిన అధికారాన్ని, ఆయన దాన్ని వాడి మిమ్మల్ని దేనికైనా కట్టిపడేసేలోపు, మీరు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు (203వ సెక్షన్). కానీ ఫలానా కాలం దాకా అని మాటిచ్చి, సరైన కారణం లేకుండా మధ్యలో ఆపితే పరిహారం ఇవ్వాలి (205). ముందుగా తగిన నోటీసు ఇవ్వాలి, ఇవ్వకపోతే దానివల్ల కలిగిన నష్టం భరించాలి (206). రద్దు చేసినట్టు ఏజెంటుకు తెలిసినప్పుడే ఆయన విషయంలో అది అమల్లోకి వస్తుంది, బయటివాళ్ల విషయంలో వాళ్లకు తెలిసినప్పుడు (208). అంటే మనసులో రద్దు చేసుకుంటే లెక్కలోకి రాదు. రద్దు సంగతి తెలియకముందే ఆయన ఒక పార్టీ దగ్గర టోకెన్ పుచ్చుకుంటే ఆ చిక్కు మీ మెడకే చుట్టుకుంటుంది.

మా బావ చెప్పిన మాటలో సగం నిజం ఇక్కడ దొరుకుతుంది. మామూలు మధ్యవర్తి మీ ఇల్లు అమ్మకుండా ఆపలేడు, ఆయన అడగగలిగేది డబ్బు మాత్రమే. ఆ డబ్బు కూడా, ఒప్పందంలో వేరే ఏర్పాటు లేకపోతే, పని పూర్తయితేనే (219). ఒప్పందంలో "మధ్యలో మానుకుంటే పూర్తి రెండు శాతం కట్టాలి" అని రాసినా, 74వ సెక్షన్ ప్రకారం కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. రాసుకున్న అంకె దానికి పైహద్దు మాత్రమే.

రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) గురించి ఒక మాట. "రెరాలో కంప్లైంట్ పెడతా" అని బెదిరించేవాళ్లు చాలామంది కనిపిస్తారు. 2016 నాటి ఆ చట్టం ఏజెంట్లు రిజిస్టర్ చేసుకోవాలని చెప్పింది బిల్డర్లు అమ్మే ప్రాజెక్టుల విషయంలో. బ్రాడీపేటలోనో అరండల్‌పేటలోనో ముప్పై ఏళ్ల నాటి సొంత ఇంటిని రీసేల్‌కు పెట్టిన మనకు ఆ బెదిరింపు పెద్దగా పనికిరాదు, ఏజెంటుకూ ఆ సంగతి తెలుసు.

## దారులు

### గడువు దాకా ఆగడం

మిగిలింది నెల, నెలన్నరే అయితే ఇదే మేలు. పైసా ఖర్చు లేదు, మాట పట్టింపు లేదు. పైగా ఆ నెల ఆషాఢమో, మూఢమో అయితే మీరు తెంచుకున్నా కొనేవాళ్లు ఎటూ రారు. రెండు పనులు మాత్రం చేయాలి. "గడువు ముగియగానే ఒప్పందం దానంతటదే పొడిగింపబడును" అనే షరతు ఉంటే, పొడిగించడం లేదని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. గడువు అయిన మర్నాడు, చూపించిన పార్టీల పేర్లు పంపమని వాట్సాప్‌లో అడగాలి.

### ఓపెన్‌గా మార్చుకోవడం

తెంచుకోకుండా, ఒక్కరికే ఇచ్చినదాన్ని అందరికీ తెరవడం. "మీరూ చూడండి, నేనూ చూస్తాను, వేరేవాళ్లకూ చెబుతాను. మీ పార్టీకి అమ్మితే మీ కమీషన్ మీదే" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ఎందుకంటే ఆయన పోగొట్టుకునేది లేదు. ఏజెంటు మంచివాడే, కాస్త నిదానం అనిపించినవాళ్లకు ఇది బాగా కుదురుతుంది.

చిక్కల్లా, ఒకే ఇల్లు ముగ్గురు ఏజెంట్ల చేతుల్లో మూడు రేట్లకు తిరగడం మొదలవుతుంది. బెంజి సర్కిల్ దగ్గర 90 లక్షలు, కానూరులో 86 అని చెప్పుకుంటుంటే కొనేవాడు 80 నుంచి మొదలుపెడతాడు. అందరికీ ఒకే రేటు, అదీ మెసేజ్‌లో రాసి పంపాలి. ఒకే పార్టీని ఇద్దరు తెస్తే కమీషన్ ముందు చూపించినవాడికే అని కూడా ఆ మెసేజ్‌లోనే చెప్పేయాలి.

### కూర్చుని మాట్లాడి ముగించడం

నేను పట్టుకున్న దారి ఇది, నా ఓటు కూడా దీనికే.

మన ఊళ్లలో ఏజెంట్లు విడివిడిగా బతకరు. ఒకడి పార్టీని ఇంకొకడు తెస్తాడు, కమీషన్ సగం సగం పంచుకుంటారు. అలాంటి చోట ఒక ఏజెంటుతో చెడగొట్టుకుంటే వచ్చే నష్టం కోర్టులో కనపడదు, టీ కొట్టు దగ్గర కనపడుతుంది. "ఆ ఇంటికేదో లిటిగేషన్ ఉందంట" అని ఒక్క మాట చాలు. ఆ మాట ఎవరన్నారో తేలదు, మీ ఇల్లు మాత్రం ఆరు నెలలు వెనక్కి పోతుంది. ఈ భయం లేకపోతే లాయరుగారి నోటీసుకు నేను కూడా ఓకే అనేవాణ్ణి.

ఒక ఆదివారం పొద్దున బండి మీద గుంటూరు వెళ్లి ఆయన ఆఫీసులో కూర్చున్నాను. నాన్నగారి వయసువాడు, "బాబాయిగారూ" అనే పిలిచాను. ముందు ఆయన ఏం చేశాడో చెప్పమన్నాను. ఫ్లెక్సీ, రెండు వెబ్‌సైట్లలో యాడ్, నాలుగుసార్లు చూపించిన తిరుగుళ్లు, అన్నీ కలిపి ఎంతయిందో ఆయన్నే లెక్క కట్టమన్నాను. ముందు 40 వేలన్నాడు. బిల్లులు అడిగితే 11 వేలకు దొరికాయి. నేను 15 ఇచ్చాను. ఇంటి ధర 88 లక్షలనుకుంటే రెండు శాతం కమీషన్ 1,76,000. దాని పక్కన పెట్టి చూస్తే ఈ 15 వేలు నాకు భారమనిపించలేదు. ఆయనకూ చేసిన పనికి గౌరవం దక్కినట్టయింది.

డబ్బుకంటే ముఖ్యం, ఆ రోజు రాసుకున్న కాగితం. ఇంత చాలు:

"తేదీ … నాడు మేము రాసుకున్న మధ్యవర్తి ఒప్పందాన్ని ఇరువురి అంగీకారంతో ఈ రోజు రద్దు చేసుకుంటున్నాము. ఇప్పటిదాకా అయిన ఖర్చుల కింద రూ. … ముట్టినది. ఇకపై ఒకరి మీద ఒకరికి ఎలాంటి బకాయి లేదు. నేను ఈ ఇంటిని చూపించిన వ్యక్తులు ఈ క్రింది వారు మాత్రమే: 1… 2… 3… 4… వీరిలో ఎవరికైనా ఈ రోజు నుండి మూడు నెలల లోపు అమ్మినచో ఒప్పుకున్న కమీషన్ చెల్లించబడును. మరెవరికి అమ్మినా కమీషన్ అడగను. తాళములు …, దస్తావేజుల జిరాక్సులు … తిరిగి ఇచ్చితిని. ఇంటి పేరున ఎవరి వద్దా టోకెన్ గానీ, అడ్వాన్సు గానీ తీసుకొనలేదు."

ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు, తలా ఒక కాపీ. డబ్బు ఫోన్‌పేలోనో బ్యాంకు ద్వారానో పంపితే ఆ రికార్డు కూడా ఉంటుంది.

అందులో "మాత్రమే" అన్న మాట రాయడానికి ఆయన చాలాసేపు తటపటాయించాడు. ఇంకా ఇద్దరున్నారు, పేర్లు గుర్తులేవన్నాడు. గుర్తొచ్చాకే సంతకం పెడదామని నేనూ కూర్చున్నాను. రెండో టీ అయ్యేసరికి నలుగురే అని తేలింది. రెండు నెలల తర్వాత మా ఆఫీసులో ఒకరి ద్వారా వచ్చిన పార్టీతో బేరం కుదిరితే, బాబాయిగారు ఫోన్ చేసి "ఆ అబ్బాయి మన బోర్డు చూసే వచ్చాడు కదా" అన్నాడు. జాబితా ఫొటో తీసి పంపాను. "సరేలే బాబూ, ఇల్లు అమ్ముడయింది కదా, సంతోషం" అన్నాడు. ఆ తర్వాత మళ్లీ అడగలేదు.

### తప్పు చూపించి నోటీసు ఇవ్వడం

ఏజెంటు నిజంగా మోసం చేసినప్పుడు రాజీ మాటలు అనవసరం. ఎలాంటివి మోసం కిందికి వస్తాయంటే: పార్టీ చెప్పిన రేటు మీకు తక్కువ చేసి చెప్పడం, మీకు చెప్పకుండా తన బంధువు పేరున కొనబోవడం, మీ పేరు చెప్పి టోకెన్ తీసుకుని తన దగ్గరే ఉంచుకోవడం, రెండువైపులా కమీషన్ తీసుకుంటూ మీ దగ్గర ఆ సంగతి దాచడం. అప్పగించిన పనిలో తప్పు చేసిన ఏజెంటుకు ఆ పని తాలూకు ప్రతిఫలం అడిగే హక్కు లేదని 220వ సెక్షన్ అంటుంది. మీకు తెలియకుండా తనే లావాదేవీలో దిగి లాభం చేసుకుంటే, ఆ లాభం మీరు అడగొచ్చు (216).

"మీకు 80 ఇప్పిస్తా, పైన వచ్చింది నాది" అనే బేరం మాత్రం వేరు. అది తెలిసి ఒప్పుకున్నారంటే తర్వాత మోసం అనలేరు. అందుకే దానికి మొదట్లోనే ఒప్పుకోకండి.

నోటీసు లాయరు ద్వారా ఇప్పించినా, మీరే రాసినా, అందులో తేదీలు ఉండాలి. ఏ రోజు ఏం జరిగిందో, ఏ మెసేజ్‌లో ఏమన్నాడో, ఏ తేదీ నుంచి అధికారం రద్దో. "పని సరిగా చేయలేదు" అని ఒక్క ముక్కలో రాస్తే నోటీసు తేలిపోతుంది. రిజిస్టర్డ్ పోస్టును 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు కాబట్టి, స్పీడ్ పోస్టులో పంపి, అందినట్టు రుజువు డౌన్‌లోడ్ చేసి దాచండి. అదే నోటీసు ఫొటో వాట్సాప్‌లో కూడా పంపండి.

ముందుగానే ఫీజు కట్టించుకుని పని చేయని ఏజెంటు అయితే, సేవలో లోపం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లొచ్చు. చెల్లించింది 5 లక్షల లోపయితే అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల లోపు వేయాలి. కోర్టు మెట్లెక్కే ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో కేసుకు ముందే రాజీకి దరఖాస్తు పెట్టుకునే వీలూ ఉంది. ఖర్చు లేదు, అక్కడ కుదిరిన రాజీని లోక్ అదాలత్ అవార్డుగా ఇస్తే దానికి కోర్టు డిక్రీ విలువ ఉంటుంది. ఏజెంటు ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వనంటే మాత్రం ఇవన్నీ పక్కనపెట్టి ముందు పోలీసు స్టేషన్‌లో రాతపూర్వక ఫిర్యాదు.

### కారణం లేకుండానే తెంచేయడం

బంధువు ఒకాయన రేపే కొంటానంటున్నాడు, లేదా అసలు అమ్మే ఉద్దేశమే మారిపోయింది. అలాంటప్పుడు నోటీసిచ్చి, పరిహారం కట్టేసి బయటపడటమే. అమ్మడం మానుకున్నవాళ్లకు పరిహారం సాధారణంగా ఖర్చుల దగ్గర తేలుతుంది. వేరేవాళ్లకు అమ్మడానికే తెంచుకుంటే ఏజెంటు పూర్తి కమీషన్ అడుగుతాడు, అందులో కొంత న్యాయం కూడా ఉంది. ఆయన తెచ్చిన పార్టీతోనే వెనక నుంచి బేరం కుదుర్చుకుని, ముందు ఒప్పందం రద్దు చేసే తెలివితేటలు కొందరు చూపిస్తారు. పార్టీని తెచ్చి కలిపింది తనేనని ఏజెంటు రుజువు చేసుకుంటే కోర్టులో ఆ తెలివి నిలవదు, ఊళ్లోనూ మాట పోతుంది.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| దారి | ఎవరికి సరిపోతుంది | ఖర్చు | ఎన్నాళ్లు | ఎక్కడ దెబ్బతింటారు |
|---|---|---|---|---|
| గడువు దాకా ఆగడం | నెల, నెలన్నర మిగిలినవాళ్లు | లేదు | గడువు దాకా | దానంతటదే పొడిగింపయ్యే షరతు చూసుకోకపోతే |
| ఓపెన్‌గా మార్చడం | ఏజెంటు మీద కోపం లేనివాళ్లు | లేదు | ఒక రోజు | రేట్లు తలోరకంగా తిరిగితే |
| రాజీగా ముగించడం | ఎక్కువ మందికి | ఖర్చులు, ఇంకొంచెం | ఒకటి రెండు వారాలు | పార్టీల జాబితా రాయకపోతే |
| తప్పు చూపి నోటీసు | మోసానికి ఆధారాలున్నవాళ్లు | లాయరు ఫీజు | వారాలు, కేసయితే ఏళ్లు | ఆధారాలు చాలకపోతే, పుకార్లు పుడితే |
| కారణం లేకుండా తెంచడం | అమ్మకం మానుకున్నవాళ్లు, కొనేవాళ్లు సిద్ధంగా ఉన్నవాళ్లు | పరిహారం | నోటీసు గడువు | ఆయన పార్టీకే అమ్మితే |

నోటిమాట మీద ఇచ్చినవాళ్లు ఈ పట్టికలో ఎక్కడా లేరని గమనించే ఉంటారు. గడువంటూ లేదు కాబట్టి, ఒక వారం పదిరోజులు ముందు చెప్పి ఆపేయొచ్చు. అప్పటికే ఆయన తెచ్చిన పార్టీ కొంటే కమీషన్ ఇవ్వాల్సిందే. కాగితం లేకపోయినా మాట మాటే, చట్టం దృష్టిలో కూడా.

## ఎవరికి ఏది

అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి అమ్ముతుంటే. ఏజెంటుతో ఎందరు సంతకం పెట్టారో రద్దు కాగితం మీదా అందరూ పెట్టాలి. పెద్దన్నయ్య రద్దు చేశాడు, చిన్న చెల్లెలు "కానివ్వండి బాబాయ్" అని ఫోన్‌లో చెప్పింది అంటే ఏజెంటు చెల్లెలి మాటే పట్టుకుంటాడు. ముందు ఇంట్లో తేల్చుకోండి. ఒకరినే మాట్లాడమని మిగతావాళ్లు మెసేజ్‌లో రాసి ఇవ్వండి.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉంటే. జీపీఏ ఇచ్చి ఉంటే, ఏజెంటు ఒప్పందం రద్దు చేసినంత మాత్రాన జీపీఏ రద్దు కాదు, రెండూ విడివిడిగా చేయాలి. రిజిస్టరైన జీపీఏను రిజిస్టరైన రద్దు దస్తావేజుతోనే, వీలైతే అదే సబ్‌రిజిస్ట్రారు ఆఫీసులో రద్దు చేయించండి. రద్దు కాపీని ఆయనకు పంపి, ఇక్కడి రెండు దినపత్రికల్లో ప్రకటన వేయండి. బయటివాళ్లకు తెలిస్తేనే వాళ్ల విషయంలో రద్దయినట్టన్న 208వ సెక్షన్‌కు ఆ ప్రకటనే మీ రుజువు. ఆ వెంటనే ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్, ఇంటి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా) తీసి చూడండి, మీకు తెలియకుండా ఏమైనా రిజిస్టరై ఉంటే అందులో కనిపిస్తుంది. డబ్బు తీసుకుని ఇచ్చిన జీపీఏ అయితే కథ వేరు. ఏజెంటుకు ఆ ఆస్తిలోనే ప్రయోజనం ఉన్నప్పుడు, దానికి నష్టం కలిగేలా అధికారం వెనక్కి తీసుకోలేరు (202). జీపీఏలో "ప్రతిఫలం ముట్టినది" అన్న మాట ఉందేమో, సంతకం పెట్టిన రోజున చదవని వాళ్లు ఈరోజైనా చదవండి.

పెద్దవాళ్లు ఒంటరిగా ఉంటే. రాజీయే, కానీ ఒంటరిగా కాదు. కొడుకో, అల్లుడో, అపార్ట్‌మెంటు సంఘం ప్రెసిడెంటో పక్కన కూర్చోవాలి. మా పిన్ని ఒకసారి ఏజెంటు మాటకు కరిగిపోయి, రద్దు చేయడానికి వెళ్లి ఇంకో మూడు నెలలు పొడిగించి వచ్చింది.

బ్యాంకు అప్పు, పెళ్లి, ఆపరేషన్ లాంటి తొందర ఉంటే. నోటీసు దారి వద్దు, అది మీ సమయాన్నే తింటుంది. ఓపెన్‌గా మార్చండి. ఒప్పుకోకపోతే ఖర్చులిచ్చి రాజీపడండి.

## ముగిసిన రోజు చేయాల్సినవి

తాళం కప్పే మార్చేయండి. ఏజెంటు మీద అనుమానంతో కాదు. ఆయన కుర్రాడు, ఆ కుర్రాడి స్నేహితుడు, చూపించడానికి వచ్చిన వేరే ఏజెంటు, ఎందరి దగ్గర డూప్లికేట్ ఉందో ఆయనకే తెలియదు. ఫ్లెక్సీ మీరే విప్పండి. ఆ తీగ విప్పడానికి కటింగ్ ప్లేయర్ కావాలి, నా వేలు తెగింది. ఆయన జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాడైతే, ఇచ్చిన డబ్బుకు బిల్లు అడగండి, 18 శాతం జీఎస్టీ అందులో కలిపాడా, బయట అడుగుతాడా అన్నది డబ్బు ఇవ్వకముందే తేల్చుకోండి.

వెబ్‌సైట్లలో, ఫేస్‌బుక్‌లో పెట్టిన యాడ్‌లు ఆయన ముందే, ఆయన ఫోన్‌లోనే తీయించండి. నేను "రేపు తీసేస్తాలే బాబూ" అన్న మాట నమ్మి వచ్చేశాను. రెండు నెలల తర్వాత 88 లక్షలకు బేరం కూర్చున్న రోజు, అవతలి పార్టీ జేబులోంచి ఫోన్ తీసి, మా ఇంటి ఫొటో కింద 82 లక్షలని ఉన్న ఆ పాత యాడ్ బల్ల మీద పెట్టాడు. 85 దగ్గర బేరం కుదిరింది.